తాకట్టుకి పనికిరాని నేల

పెదబయలులో మా ఫ్రెండ్ వాళ్ళింటి అరుగు మీద కూర్చుని నేను చదివిన పుస్తకంలో కుక్కలున్నాయి. పెరూ దేశపు ఆర్థికవేత్త ఎర్నాండో డి సోటో 2000లో ప్రచురించిన ‘ద మిస్టరీ ఆఫ్ కాపిటల్’ అది. అందులో ఒకచోట ఆయన బాలి ద్వీపంలో వరిచేల మధ్య నడుస్తుంటాడు. ఎవరి చేను ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో ఆయనకి తెలీదు. కానీ ఒక చేను దాటి ఇంకో చేలో అడుగు పెట్టగానే వేరే కుక్క మొరుగుతుంది. చట్టం సంగతి కుక్కలకి తెలీదు గానీ ఎవరిది ఎంతవరకో తెలుసు. ఇండోనేషియా మంత్రులు సలహా అడిగితే, ముందు ఆ కుక్కల మొరుగుడు వినమన్నాడట.

ఎకనామిక్స్ పుస్తకంలో ఇంత మంచి సీను దొరకడం అరుదు. అందుకే దాన్ని నేను కథల పుస్తకం చదివినట్టే చదివాను. ఇక్కడ రాస్తున్నది కూడా ఆ చదువు గురించే. నేను ఎకనామిక్స్ చదువుకున్నవాణ్ణి కాదు. హైదరాబాద్‌లో ఒక ఫ్లాటూ, దాని మీద ఇరవయ్యేళ్ళ హోమ్‌లోనూ ఉన్నవాణ్ణి. ఈ రెండో సంగతి ఇప్పుడే చెప్పేస్తే మంచిది. తర్వాత అవసరం పడుతుంది.

డి సోటో చెప్పేది ఇదీ. పేదవాళ్ళ దగ్గర ఆస్తి లేదనుకోవడం పొరపాటు. ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి, చిన్న చిన్న వర్క్‌షాపులున్నాయి. వాటికి చట్టం గుర్తించే కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి తాకట్టు పెట్టడానికి కుదరదు, ఊరు దాటి అమ్మడానికి కుదరదు. ఆ ఆస్తి అక్కడే పడి ఉంటుంది. దానికి ఆయన పెట్టిన పేరు ‘డెడ్ కాపిటల్’, చచ్చిన పెట్టుబడి. మూడో ప్రపంచమూ పాత కమ్యూనిస్టు దేశాలూ కలిపి అలాంటిది 9.3 లక్షల కోట్ల డాలర్లు ఉందని ఆయన బృందం లెక్క వేసింది. లిమా శివార్లలో ఒక చిన్న కుట్టుపని వర్క్‌షాపు పెట్టి, దాన్ని చట్టప్రకారం రిజిస్టర్ చేయించమని తన మనుషుల్ని పంపాడు. రోజుకి ఆరు గంటలు తిరిగితే 289 రోజులు పట్టింది. పుస్తకం మూసేశాక కూడా గుర్తుండిపోయే పాత్ర ఏదైనా ఉంటే అది ఈ 289.

ఆ అంకె పుస్తకంలోనే ఆగిపోలేదు. రోజులు లెక్కపెట్టే ఈ పద్ధతే ప్రపంచ బ్యాంకు ‘డూయింగ్ బిజినెస్’ నివేదికలకి దారి చూపింది. కంపెనీ పెట్టడానికి ఎన్ని రోజులు, ఆస్తి రిజిస్టర్ చేయడానికి ఎన్ని సంతకాలు అని దేశాలకి ర్యాంకులిచ్చారు. అంకెల్లో తేడాలు బయటపడి 2021లో ఆ నివేదిక ఆపేశారు. ఆలోగా మన దేశంలో రాష్ట్రాలకి కూడా ర్యాంకులొచ్చాయి. 2016లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి మొదటి ర్యాంకు తెచ్చుకున్నాయి. విడిపోయిన రెండేళ్ళకి ఇద్దరూ కలిసి సాధించింది అదొక్కటేనేమో.

తర్వాత ల్యాండ్ టైట్లింగ్ చట్టం. దీని గురించి 2024 ఎన్నికలప్పుడు తెలుగునాట వాదించని ఇల్లు లేదు. రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్ళదే భూమి, దానికి ప్రభుత్వమే హామీ అన్నది అందులో మూలసూత్రం. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టొరెన్స్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. (అక్కడి ఆదిమవాసుల భూమిని ఖాళీ భూమిగా రాసేసుకున్నాక, ఆ ఖాళీ మీద కొత్త పేర్లు రాయడం సులువే.) నీతి ఆయోగ్ ఒక నమూనా చట్టం తయారుచేసింది. ఆంధ్రప్రదేశ్ చట్టం 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది. లాయర్లు రోడ్డెక్కారు. ప్రభుత్వం మారింది. 2024 జులైలో అసెంబ్లీ దాన్ని రద్దు చేసింది. అంత గొడవలోనూ చర్చంతా భూమి ఎవరు లాక్కుంటారన్న భయం చుట్టూ, పాస్‌బుక్ మీద ముఖ్యమంత్రి ఫోటో చుట్టూ తిరిగింది. భూమి అంటే కొనేది, అమ్మేది, తాకట్టు పెట్టేది అన్న దగ్గర మాత్రం రెండు పక్షాలకీ తేడా లేదు.

ఆ తేడా ఉన్నచోటు పాడేరు ఘాటీ ఎక్కితే వస్తుంది. నేను అక్కడికి వెళ్ళింది 2025 ఫిబ్రవరి మన్యం బంద్ అయిన కొద్ది వారాలకి. అంతకుముందు విశాఖలో జరిగిన ఒక టూరిజం పెట్టుబడుల సదస్సులో, 1/70 చట్టాన్ని సవరిస్తే గానీ ఏజెన్సీలో టూరిజం పెరగదన్న మాట సాక్షాత్తూ అసెంబ్లీ స్పీకర్ నోట వచ్చింది. కొండల్లో బంద్ జరిగింది. చట్టం జోలికి వెళ్ళమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. మా ఫ్రెండ్‌ది పెదబయలు మండలం. ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేట్. వాడింటికి వెళ్తూ బ్యాగులో డి సోటోని వేసుకున్నాను. కావాలనే, ఒప్పుకుంటున్నా.

పుస్తకంలో మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. పెట్టుబడి అంటే ఏంటో చెప్పడానికి డి సోటో ఒక కొండ మీది సరస్సుని చూపిస్తాడు. మామూలు కళ్ళకి అందులో పడవలూ చేపలే కనిపిస్తాయి. ఇంజనీరు వచ్చి కరెంటు చూస్తాడు. ఎత్తులో ఉన్న నీళ్ళలో దాగిన శక్తిని పవర్‌హౌస్ బయటికి తీస్తుంది. ఇంట్లో, పొలంలో దాగిన పెట్టుబడిని బయటికి తీసే పవర్‌హౌస్ ఏంటంటే ఆస్తి పత్రం. అందమైన పోలికే. లిమాలోనో న్యూయార్క్‌లోనో కూర్చుని చదివితే తల ఊపి పేజీ తిప్పేస్తాం.

పెదబయలులో అలా కుదరదు. ఎందుకంటే ఆ సరస్సు అక్కడుంది. పక్కనే పారే మాచ్‌ఖండ్ నది మీద, ముంచింగిపుట్టు వైపు, జలాపుట్ రిజర్వాయరు. కింద డుడుమ జలపాతం. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, 120 మెగావాట్లు, ఆంధ్రా ఒడిశాల ఉమ్మడి ఆస్తి. కొండల్లో నిద్రపోతున్న నీళ్ళు అచ్చంగా డి సోటో చెప్పినట్టే కరెంటయ్యాయి. విశాఖలో దీపాలు వెలిగాయి. దానికోసం వేలమంది ఊళ్ళు ఖాళీ చేశారు, వాళ్ళలో చాలామంది ఆదివాసులు. రిజర్వాయరు కనిపించే దూరంలోనే దశాబ్దాలపాటు కిరసనాయిలు బుడ్లతో గడిపిన ఊళ్ళున్నాయి. దాగిన శక్తి బయటికొస్తుందన్నది నిజమే. బయటికొచ్చింది ఏ తీగ పట్టుకుని ఎటు పోతుందన్నది పోలికలో లేదు. ఇది డి సోటోకి తెలీదని నేననను. ఇంజనీరు కళ్ళతో సరస్సుని చూడమన్నవాడు, సరస్సు అడుగున ఊరు ఉందేమో చూడమని ఎందుకనలేదన్నదే నా గొడవ. రచయిత ఎంచుకున్న కళ్ళజోడుని ప్రశ్నించడం విమర్శలో మొదటి పనే కదా.

మన్యంలో కాగితానికి వేరే చరిత్ర ఉంది. 1879 రంప తిరుగుబాటుకి ప్రభుత్వమే రాసుకున్న కారణాల్లో కల్లు పన్ను, మన్సబ్‌దారు దౌర్జన్యంతోపాటు మైదానం వర్తకుల పత్రాలూ ఉన్నాయి. చదువురాని కొండవాళ్ళతో అప్పు పత్రాలు రాయించుకోవడం, కోర్టుకెళ్ళి డిక్రీ తెచ్చుకోవడం, పశువుల్నీ పంటనీ జప్తు చేయించడం. అంటే ఇక్కడ చట్టబద్ధమైన కాగితం లేక జనం నష్టపోలేదు. ఉండబట్టే నష్టపోయారు. ఇది అర్థమవడానికి బ్రిటిష్‌వాళ్ళకి చాలాకాలమే పట్టింది. 1917లో ఏజెన్సీ భూబదిలీ చట్టం తెచ్చారు. ఆదివాసి భూమి ఇతరులకి పోవాలంటే ఏజెంటు అనుమతి కావాలన్నారు. వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదన్నారు, చక్రవడ్డీ కుదరదన్నారు, మొత్తం వడ్డీ అసలుని మించకూడదన్నారు. ఈరోజుల్లో ఫోన్‌లో యాప్ లోను తీసుకున్నవాళ్ళు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి.

తర్వాత 1959 రెగ్యులేషన్. దాన్ని బిగించిన 1970 సవరణే అందరూ 1/70 అనేది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనులకి తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకోవడం కూడా కుదరదు. అందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందేనని భావించాలి. మామూలుగా చట్టం చేతిలో ఉన్నవాణ్ణి నమ్ముతుంది. ఈ చట్టం చరిత్రని నమ్మింది.

1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు చేసింది అచ్చమైన సాహిత్య విమర్శకుడి పని. అనంతగిరి మండలం బొర్రా దగ్గర గనుల లీజుల మీద కేసు అది. రెగ్యులేషన్‌లో ‘పర్సన్’ అన్న మాట ఉంది. ప్రభుత్వం కూడా ఆ ‘పర్సన్’లోకి వస్తుందా? వస్తుందని ఇద్దరు న్యాయమూర్తులన్నారు, ఒకరు ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాట అర్థంతో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకి గనులు లీజుకివ్వకూడదని తేలింది. డి సోటో పుస్తకం మొత్తం ‘డెడ్’ అన్న విశేషణం మీద నిలబడింది. బొర్రా కొండలు ‘పర్సన్’ అన్న నామవాచకం మీద నిలబడ్డాయి. మాటల గురించి మనం అనవసరంగా గొడవపడతామని ఎవరైనా అంటే ఈ రెండూ చూపించొచ్చు.

డి సోటో పక్కన పెట్టి చదవాల్సిన పుస్తకం ఇంకో ఆర్థికవేత్తది కాదని నాకనిపించింది. గోపీనాథ్ మహంతి ఒడియా నవల ‘పరజా’, 1945. కథ కోరాపుట్ కొండల్లో జరుగుతుంది, అంటే పెదబయలుకి సరిహద్దు అవతల. పరజాలు, మనం పోర్జాలనే వాళ్ళు, ఈ పక్కా ఉన్నారు. సుక్రు జాని అనే రైతుకి భూమి ఉంది, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఫారెస్టు గార్డు కక్షతో జరిమానా పడుతుంది. జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు. అప్పుకి గోతి, అంటే వెట్టి. వెట్టి నుంచి బయటపడడానికి భూమి తాకట్టు. భూమి తిరిగి ఇమ్మంటే షావుకారు ఇవ్వడు. కోర్టుకి పోతారు, ఓడిపోతారు. చివరికి గొడ్డలి లేస్తుంది. నవలంతా నడిపేది ఒక్క తాకట్టే. సుక్రు జాని భూమి డి సోటో భాషలో ‘బతికింది’. బతికిన రోజునుంచీ అది ఆయనది కాకుండా పోవడం మొదలైంది.

డి సోటో పుస్తకం మూడొందల పేజీల్లో నేను వెతికి దొరక్కపోయింది ఈ పాత్రే, అప్పు తీర్చలేకపోయినవాడు. తాకట్టు గురించి అంత ఉత్సాహంగా రాసిన మనిషి జప్తు దగ్గరికొచ్చేసరికి అటు చూడడు. బ్యాంకు నా ఫ్లాటు మీద అప్పిచ్చింది ఆ ఫ్లాటు కాగితాలు అందంగా ఉన్నాయని కాదు. నేను ఈఎంఐ కట్టకపోతే దాన్ని అమ్ముకోగలదని. పోగొట్టుకోగలిగిందే పెట్టుబడి అవుతుంది. పోగొట్టుకోకూడదని చట్టం చెప్పిన భూమి కాదు. 1/70ని వెనకబాటు అనేవాళ్ళూ, రక్షణ కవచం అనేవాళ్ళూ దాన్ని ఆర్థికానికి బయటి విషయంగానే చూస్తారు. నాకది కూడా ఒక ఆర్థిక సిద్ధాంతంలానే కనిపిస్తోంది, డి సోటో కంటే ముప్పయ్యేళ్ళ పెద్దది, పేరున్న రచయిత లేనిది.

ఇక్కడిదాకా రాసిపెట్టుకున్న నోట్సు మావాడికి చూపించాను. చదివి నవ్వాడు.

“బాగుంది. నీకు హోమ్‌లోను కావాలి, నాకు చరిత్ర కావాలి. అంతే కదా?”

వాడి కథ ఇదీ. వాళ్ళమ్మానాన్నల పేరు మీద అటవీ హక్కుల పట్టా ఉంది. 2006 చట్టం ప్రకారం అది పిల్లలకి వస్తుంది గానీ అమ్మడానికి, బదిలీ చెయ్యడానికి వీల్లేదు. ఆ నేలలో కాఫీ, మధ్యలో సిల్వర్ ఓక్, చెట్ల మీద మిరియాల తీగలు. కింద గరువులో చోళ్ళు, వలిసెలు, కొంచెం రాజ్మా. కాఫీ పళ్ళు పల్పింగ్ చేసి ఎండబెట్టడానికి ఒక చిన్న యూనిట్ పెట్టాలని, పక్కనే రెండు గదులు వేసి టూరిస్టులకివ్వాలని మావాడి ప్లాను. ఒక బ్యాంకుకి వెళ్ళాడు. ప్రాజెక్ట్ రిపోర్టు చూశారు, బాగుందన్నారు. చివర్లో మేనేజరు అడిగాడట: “విశాఖలో ఏమైనా ప్రాపర్టీ ఉందా?”

వాళ్ళమ్మ లోపల్నుంచి పట్టా తెచ్చి చూపించింది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బట్టలో చుట్టి. “ఇదిస్తే అప్పివ్వరంట బాబూ. మరి ఇదేటికి?” అంది. ఎవరూ లాక్కోకుండా అమ్మా, అన్నాను. అప్పుడు ఆవిడ నావైపు చూసిన చూపుకి నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే కాఫీ కోతకి ముందు, చేతిలో డబ్బు లేని వానాకాలంలో, ఆ ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే డబ్బిచ్చేది షావుకారే. దానికి పట్టా అడగడు. కోతయ్యాక పళ్ళు తనకే పొయ్యాలంటాడు, తను చెప్పిన ధరకి. జీసీసీ 1956 నుంచీ ఉన్నది ఈ షావుకారుకి పోటీగానే, ఇప్పుడు కాఫీ కూడా కొంటోంది. కానీ ఆగస్టులో రాత్రిపూట తలుపు తడితే తీసేది జీసీసీ కాదు. భూమి పోకుండా చట్టం ఆపింది. పంట ముందే పోకుండా ఆపలేకపోయింది.

సరే, మరి డి సోటో మాట విని పట్టాని తాకట్టుకి వదిలేస్తే అప్పు పుడుతుందా? ఈ ప్రశ్నకి జవాబు వెతికినవాళ్ళున్నారు. బ్యూనస్ ఐరిస్ శివార్లలో ఒకే స్థలాన్ని ఆక్రమించి బతుకుతున్న కుటుంబాల్లో కొందరికి పట్టాలొచ్చాయి, పాత ఓనర్లు కోర్టుకెళ్ళడం వల్ల కొందరికి రాలేదు. గాలియానీ, షార్‌గ్రోడ్‌స్కీ అనే ఇద్దరు ఈ రెండు గుంపుల్నీ పోల్చి 2010లో రాశారు. పట్టా వచ్చినవాళ్ళు ఇల్లు బాగుచేసుకున్నారు, పిల్లల్ని ఎక్కువ చదివించారు. బ్యాంకు అప్పు విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. డి సోటో సొంత దేశంలోనూ, లక్షల పట్టాలు పంచాక, ప్రైవేటు బ్యాంకులు పేదల వైపు పెద్దగా కదల్లేదనే తేలింది. జీతం చూసి అప్పిచ్చే బ్యాంకుకి కొండవాలు చూస్తే ధైర్యం రాదు.

తాకట్టే లేని అప్పుని మన రాష్ట్రం ఇంకో రకంగా చూసింది. పదిమంది ఆడవాళ్ళని గుంపుగా కూర్చోబెట్టి ఒకరికొకర్ని పూచీ పెట్టే మైక్రోఫైనాన్స్. అక్కడ భూమి బదులు పక్కింటావిడ ముందు పరువే తాకట్టు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్లు మార్కెట్లోకొచ్చాయి. అక్టోబర్‌లో, ఆత్మహత్యల వార్తల మధ్య, ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ కథ వేరే వ్యాసానికి సరిపోతుంది.

నిజంగా పనికొచ్చినదాని గురించి ఎవరూ పుస్తకం రాయలేదు. వ్యవసాయ అప్పుకి ఇంతవరకూ తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు ఒక పరిమితి పెట్టింది. 2019లో 1.6 లక్షలున్న దాన్ని 2025 జనవరి నుంచి 2 లక్షలు చేసింది. ఒక సర్క్యులర్, అంతే. దాంట్లో కుక్కలూ సరస్సులూ ఉండవు. మావాడి ఇంటికి కిసాన్ క్రెడిట్ కార్డు మీద కొంత డబ్బు వచ్చింది అలాగే. పల్పింగ్ యూనిట్‌కి అది చాలదు, అది వేరే సంగతి.

తిరిగొచ్చే ముందురోజు రాత్రి మేమిద్దరం 1/70 పూర్తి పాఠం ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి చదివాం. అందులో చాలామంది పట్టించుకోని ఒక సెక్షన్ ఉంది, 3-ఏ. దాని ప్రకారం ఏజెన్సీ భూమిని స్వాధీనం ఇవ్వకుండా బ్యాంకుకో సహకార సంఘానికో తనఖా పెట్టడానికి దారి ఉంది. అప్పు తీర్చకపోతే మాత్రం ఆ భూమిని గిరిజనులకి, లేదా పూర్తిగా గిరిజనులే ఉన్న సొసైటీకి మాత్రమే వేలంలో అమ్మాలి. అంటే భూమి మార్కెట్లోకి వెళ్తుంది, మార్కెట్ కొండ దిగదు. నేను ఎగిరి గంతేశాను. ఇదే కదా మధ్యేమార్గం, మరి బ్యాంకులు దీన్ని ఎందుకు వాడవు, అన్నాను. కొనేవాళ్ళు తక్కువైతే ధర రాదు, ధర రాకపోతే బ్యాంకుకి అక్కర్లేదు, అన్నాడు మావాడు.

“అయినా వేలం జరిగిందనుకుందాం,” అన్నాను. “ఇక్కడ డబ్బు పెట్టి పాడేదెవరు?”

మావాడు కొంచెంసేపు మాట్లాడలేదు. వాళ్ళన్నయ్య పాడేరు వైపు గవర్నమెంటు టీచరు. జీతం నెలనెలా వస్తుంది.

“మేమే పాడతాం,” అన్నాడు. “మాలాంటి ఇళ్ళోళ్ళం. పైన కొండ మీదోళ్ళవి.”

డి సోటో పుస్తకం అక్కడే వదిలేసి వచ్చాను. మొన్న ఫోన్ చేస్తే సగం అయిందన్నాడు, బాగా రాశాడు అన్నాడు. నా హోమ్‌లోన్ వడ్డీ ఎంతని అడిగాడు. చెప్పాను. వాళ్ళకి షావుకారు వేసేది ఎంతో వాడు చెప్పాడు.